మావయ్యగారు రైలంటారు, మావారు కారంటారు

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమెకు 37 ఏళ్ళు. అత్తమామలతో కలిసి ఉంటారు. బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి నాలుగు. వచ్చే వేసవి సెలవుల్లో ఆరుగురూ కలిసి యూరప్ వెళ్ళాలనుకున్నారు. పారిస్‌లో 3 రాత్రులు, స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్ దగ్గర 5, వెనిస్‌లో 2, ఫ్లోరెన్స్‌లో 3, రోమ్‌లో 2. పారిస్‌లో దిగి, రోమ్‌లో తిరుగు విమానం ఎక్కాలని ప్లాను.

అక్కడిదాకా అందరిదీ ఒకే మాట. పారిస్ నుంచి రోమ్ దాకా ఎలా వెళ్ళాలన్న దగ్గర ఇల్లు రెండుగా చీలింది. భర్త ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకుని తానే నడుపుతానంటున్నారు. హైదరాబాదు, శ్రీశైలం, అరకు అన్నీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. మావయ్యగారికి 71 ఏళ్ళు. వాల్తేరు డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యారు. రైలు తప్ప మరోటి వద్దంటున్నారు. ఖర్చులో సగం ఆయన పెడుతున్నారు. ఒక రాత్రి భోజనాల దగ్గర మాటా మాటా పెరిగింది. "పసిపిల్లల్ని పెట్టుకుని పరాయి రోడ్ల మీద ప్రయోగాలు చేస్తావా?" అని ఆయన అన్నారు. "అయితే మీ డబ్బు మీరే ఉంచుకోండి" అని ఈయన లేచిపోయారు. అప్పట్నుంచి తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోవడం లేదు. ఇద్దరూ విడివిడిగా ఈవిడ దగ్గరికే వచ్చి "నువ్వే చెప్పమ్మా", "నువ్వే చెప్పు" అంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మావయ్యగారికి షుగరు, గంటన్నరకోసారి బాత్రూంకి వెళ్ళాలి. రైలా, కారా? ఏది చౌక, ఏది సుఖం? తాను ఎవరి పక్షాన మాట్లాడాలి? ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ప్రయాణం సంగతి కనబడింది. రెండోసారి చదివితే ఇంట్లో మనుషుల సంగతి కనబడింది. ముందు ప్రయాణం గురించి మాట్లాడతాను. లెక్కలు చేతిలో ఉంటే ఇంట్లో మాట్లాడటం మీకు కొంచెం తేలికవుతుంది.

పారిస్ నుంచి రోమ్ దాకా ఒకే కారు అన్న ఆలోచనతో మొదలుపెడదాం. అందులో మొదటి చిక్కు కారు తిరిగి ఇచ్చే చోటు. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలేస్తే, ఆ కారుని వెనక్కి తెచ్చుకునే ఖర్చు కంపెనీ మీ మీదే వేస్తుంది. చాలాసార్లు అది కారు అద్దెతో పోటీపడేంత ఉంటుంది. నెట్‌లో వెతికేటప్పుడు మొదట కనబడే రోజువారీ అద్దెలో ఇది కలవదు, చివరి పేజీలో బయటపడుతుంది. మీవారు లెక్క వేసినప్పుడు ఏ పేజీ దాకా వెళ్ళారో అడగండి. దాని మీద ఫ్రాన్స్‌లోనూ ఇటలీలోనూ దూరాన్ని బట్టి టోలు. స్విట్జర్లాండ్‌లో హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల స్టిక్కరు కొనాలి. ఒక్క రోజు తిరిగినా సంవత్సరం స్టిక్కరే, రోజుల లెక్కన అమ్మరు. ఇంకా పెట్రోలు, పార్కింగు ఉన్నాయి.

దూరం సంగతి. పారిస్ నుంచి ఇంటర్లాకెన్ రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు. మనం ఇక్కడి నుంచి హైదరాబాదు వెళ్ళినంత. మీవారికి అది కొత్త కాదు, కానీ అక్కడ స్టీరింగు ఎడమపక్క ఉంటుంది, బండి కుడిపక్క నడపాలి. గేరు కుడిచేత్తో వెయ్యాలి. ఇరవై ఏళ్ళుగా చేతికీ కంటికీ అలవాటైనదంతా తిరగబడుతుంది. హైవే మీద పెద్ద ఇబ్బంది ఉండదు. ఇబ్బందల్లా ఎడమకి తిరిగేటప్పుడు, రౌండెబౌట్ దగ్గర, పొద్దున్నే ఖాళీ వీధిలోకి బండి తీసేటప్పుడు. ఎదురుగా బండి లేనప్పుడే మనిషి పాత అలవాటులోకి జారిపోతాడు. ఆటోమేటిక్ గేరు కారు అడిగితే సగం బరువు తగ్గుతుంది, అయితే అక్కడ మామూలుగా ఇచ్చేది మాన్యువలే. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి, అద్దె ఎక్కువ.

ఇప్పుడు ఏడు సీట్ల కారు. ఈ విషయం మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆరుగురు కూర్చోవాలంటే మూడో వరస సీటు లేపాలి. అది లేపితే డిక్కీలో మిగిలేది రెండు చిన్న సూట్‌కేసుల చోటు. 15 రోజులకి ఆరుగురి సామాను, పైగా అత్తయ్యగారి పచ్చళ్ళ సంచీ. అవి ఎక్కడ పెడతారు? మన దగ్గరలాగా పైన కట్టేసుకుని వెళ్ళడం కుదరదు. పిల్లలిద్దరికీ చైల్డ్ సీట్లు ఉండాలి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం అక్కడ చట్టప్రకారం నేరం. ఇటలీలో 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా పిల్లలకి తగిన సీటు తప్పనిసరి, అంటే మీ తొమ్మిదేళ్ళ బాబుకి కూడా. ఆ రెండు సీట్లు మధ్య వరసలో బిగిస్తే మూడో వరసలోకి వంగి దూరాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు దూరలేరు, కాబట్టి ముందు సీటు ఆవిడది. మావయ్యగారు మధ్యలో, రెండు చైల్డ్ సీట్ల పక్కన ఇరుక్కుని కూర్చోవాలి. ఇక వెనక వరసలో, సామాను పక్కన ఒంటరిగా 600 కిలోమీటర్లు కూర్చునేది ఎవరో మీరే ఊహించండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట మా అమ్మానాన్నలతో ఇటలీ వెళ్ళాం. కారు బుకింగు నా కార్డు మీద చేశాను, నడిపేది మా తమ్ముడు. కౌంటరులో కారు ఇవ్వలేమన్నారు. నడిపేవాడి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలట, డెబిట్ కార్డు పనికిరాదట. రెండు గంటలు నిలబడ్డాం, అమ్మ సూట్‌కేసు మీదే కూర్చుండిపోయింది. ఎలాగో తమ్ముడి కార్డు పనిచేసింది, ఖరీదైన ఇన్సూరెన్సు కూడా అంటగట్టారు. ఇంటికొచ్చిన ఎనిమిది నెలలకి జరిమానా కాగితం వచ్చింది. ఫ్లోరెన్స్‌లో హోటలు వెతుక్కుంటూ బయటి బళ్ళు రాకూడని పాత వీధుల్లోకి రెండుసార్లు వెళ్ళామట. అక్కడ ఆపడానికి పోలీసు ఉండడు, కెమెరా నెంబరు ప్లేటు చదువుకుంటుంది, అంతే. ఇటలీలో రోమ్, ఫ్లోరెన్స్, మిలాన్, సియెనా లాంటి ఊళ్ళ పాతబస్తీలన్నిటికీ ఇలాంటి జోన్లు ఉన్నాయి. బోర్డు మీద జడ్‌టీఎల్ అని ఇటాలియన్ అక్షరాలు ఉంటాయి. ఎన్నిసార్లు దాటితే అన్ని జరిమానాలు. మన వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు కారు కంపెనీ వేరే రుసుము పట్టుకుంటుంది. ఆ ప్రయాణంలో మా నాన్న నవ్విన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. మా తమ్ముడు ఏం చూశాడో మాత్రం వాడికే గుర్తు లేదు. వాడు రోడ్డే చూశాడు.

దీన్నిబట్టి మావయ్యగారిదే గెలుపని అనుకోకండి. రైలుకీ కష్టాలున్నాయి, మీ కుటుంబానికి మరీ ఉన్నాయి.

దారి మాత్రం బాగుంటుంది. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్ నుంచి బాసెల్‌కి టీజీవీ అనే ఫాస్టు రైలులో మూడు గంటలు. అక్కడ రైలు మారితే ఇంటర్లాకెన్‌కి ఇంకో రెండు గంటలు. నలుగురు ఎదురెదురుగా కూర్చునే టేబుల్ సీట్లు దొరుకుతాయి, బాత్రూం పెట్టెలోనే ఉంటుంది. మావయ్యగారి షుగరుకి ఇదొక్కటే సగం జవాబు. మీరు కట్టుకెళ్ళిన పులిహోర విప్పుకుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఇంటర్లాకెన్ నుంచి వెనిస్ మాత్రం పొడుగు ప్రయాణం. స్పీట్జ్‌లోనూ మిలాన్‌లోనూ మారుతూ ఆరేడు గంటలు పడుతుంది. వెనిస్ నుంచి ఫ్లోరెన్స్ రెండుంపావు గంటలు, అక్కడి నుంచి రోమ్ గంటన్నర.

కష్టమల్లా రైలు మారే చోట ఉంటుంది. అక్కడ కూలీలు ఉండరు. ఎర్ర చొక్కా మనిషి వచ్చి రెండు పెట్టెలు తలమీద పెట్టుకుని "పదండమ్మా" అనడు. ఆరుగురిలో సామాను మోయగలిగేది మీరిద్దరే. స్విస్ రైళ్ళలో మారడానికి ఆరు, ఏడు నిమిషాలే ఇచ్చి టికెట్ చూపిస్తుంది యాప్. కుర్రాళ్ళకి అది చాలు, మీకు చాలదు. కనీసం నలభై నిమిషాలు ఉండేలా తర్వాతి రైలు ఎంచుకోండి. తలుపులు బయల్దేరే టైముకి కాస్త ముందే మూసేస్తారు. ఇటలీలో ఏ ప్లాట్‌ఫారమో చాలాసార్లు చివరి పావుగంటలో తెలుస్తుంది. సమ్మెలు కూడా ఎక్కువే. షోపెరో అంటారు, ముందే ప్రకటిస్తారు, కాబట్టి వెళ్ళే వారం ముందు ఆ మాట పెట్టి వెతికి చూసుకోండి. ప్యాసింజరు రైళ్ళకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద మిషన్లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానాయే.

డబ్బు సంగతి కూడా అడిగారు. మూడు నాలుగు నెలల ముందు కొంటే పెద్ద రైళ్ళ టికెట్లు బాగా చౌక. దగ్గర పడేకొద్దీ విమానం టికెట్లలాగే పెరుగుతాయి. యూరైల్ పాస్ మన భారతీయులు కొనుక్కోవచ్చు, 33 దేశాల్లో చెల్లుతుంది, 12 ఏళ్ళ లోపు పిల్లలకి పెద్దవాళ్ళతో ఉచితం. కానీ టీజీవీకి, ఇటలీ ఫాస్టు రైళ్ళకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషను వేరే కొనాలి. మీకున్నవి నాలుగు పెద్ద ప్రయాణాలే. ముందుగా విడి టికెట్లు కొనుక్కుంటేనే తక్కువ పడుతుందని నా అంచనా. స్విట్జర్లాండ్‌లో తిరిగే రోజులకి మాత్రం స్విస్ ట్రావెల్ పాస్ చూడండి. రైళ్ళు, బస్సులు, సరస్సుల మీద పడవలు అన్నీ అందులోనే. ఫ్యామిలీ కార్డు అడిగితే మీ బాబుకి టికెట్ ఉండదు, ఆరేళ్ళ లోపు పాపకి ఎలాగూ ఉండదు.

అసలు స్విట్జర్లాండ్‌లో మీవారి కారు పెద్దగా పనికిరాదు. వెంగెన్, మ్యూరెన్ లాంటి కొండ ఊళ్ళకి కారు వెళ్ళదు, కిందే వదిలి రైలో కేబుల్ కారో ఎక్కాలి. 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కీ పైకి చేర్చేది రైలే. (అంత ఎత్తుకి వెళ్ళేముందు పెద్దవాళ్ళిద్దరినీ ఇక్కడే డాక్టరుకి చూపించండి. ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు.) వెనిస్‌లో అసలు రోడ్లే లేవు. కారు ఊరి గుమ్మంలో పార్కింగులో పెట్టి రెండు రోజులు ఊరికే డబ్బు కట్టాలి. రైలైతే స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా పెద్ద కాలువ. కానీ ఆ ఊళ్ళో అడుగడుగునా వంతెనలు, ప్రతి వంతెనకీ మెట్లు. అత్తయ్యగారి కోసం పడవ ఆగే రేవు పక్కనే హోటలు చూడండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మరి కారు ఎక్కడ పనికొస్తుంది? ఫ్లోరెన్స్ చుట్టుపక్కల టస్కనీ పల్లెల్లో. అక్కడ కారు లేకపోతే చాలా పోగొట్టుకుంటారు. శాన్ జిమిన్యానోకి రైలు స్టేషనే లేదు. వాల్ దోర్చా లోయలో మెలికలు తిరిగే రోడ్లు, గుట్టల మీద సైప్రస్ చెట్ల వరసలు, ఎక్కడ నచ్చితే అక్కడ బండి ఆపుకుని చూసేవి. మన అనంతగిరి ఘాట్‌లో కాఫీ తోటల దగ్గర ఆపుకున్నట్టు. ఫ్లోరెన్స్ ఊళ్ళో కాకుండా ఎయిర్‌పోర్టు దగ్గర కారు తీసుకుంటే ఆ జోన్ల గొడవ ఉండదు, ఊళ్ళోంచి అక్కడికి ట్రామ్ ఉంది. తీసుకున్న చోటే తిరిగి ఇస్తే అదనపు ఛార్జీ ఉండదు. పెద్ద సూట్‌కేసులు హోటల్లో వదిలేసి చేతిసంచీలతో వెళతారు కాబట్టి మూడో వరస సీటు లేపినా ఇబ్బంది లేదు. రెండు మూడు గంటల కంటే ఏ రోజూ నడపక్కర్లేదు. అప్పటికి మీవారు పది రోజులుగా కుడిపక్క రోడ్లు కళ్ళతో చూసి ఉంటారు, నిద్రలూ సర్దుకుని ఉంటాయి. ఫ్లోరెన్స్‌కి ఇంకో రాత్రి కలిపి, పారిస్‌లో ఒకటి తగ్గించుకోవచ్చు. ఇదొక దారి.

మీవారు మొత్తం దారి కారే కావాలని పట్టుబడితే, పారిస్ తీసేసి మిలాన్‌లో దిగి ఇటలీలోనే తీసుకుని ఇటలీలోనే ఇచ్చేలా ప్లాను మార్చుకోండి. ఖర్చు బాగా తగ్గుతుంది. బదులుగా ఐఫిల్ టవర్ పోతుంది, పిల్లలకి సమాధానం చెప్పుకోవాలి. మావయ్యగారు మొత్తం రైలే అంటే అదీ జరుగుతుంది, టస్కనీ పల్లెలకి ఒక రోజు డ్రైవరుతో వ్యాను మాట్లాడుకోవచ్చు. డబ్బు కాస్త ఎక్కువ, మనసుకి నిమ్మళం. ఎటొచ్చీ మీవారు అన్ని రోజులూ పక్కన కూర్చునే మనిషి అయిపోతారు. దాని ఫలితం ఇంటికొచ్చాక కూడా ఉంటుంది, అది మీకే బాగా తెలుసు.

ఏ దారి పట్టినా రెండు పనులు గుర్తుంచుకోండి. మీవారు రవాణా శాఖలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాలి. అది ఏడాది చెల్లుతుంది, దానితో పాటు అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. రెండోది వీసా. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. మీ లెక్కలో ఇటలీ 7, స్విట్జర్లాండ్ 5, కాబట్టి ఇటలీ. రాత్రులు అటూ ఇటూ మారిస్తే ఈ లెక్క ఇంకోసారి చూసుకోండి. పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 90 యూరోలు, బాబుకి 45, ఆరేళ్ళ లోపు పాపకి రుసుము లేదు. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనొద్దు. కారు బుకింగు మాత్రం చాలాచోట్ల ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, ముందే చేసి పెట్టుకోండి.

ఇక ఇంటి సంగతి. మావయ్యగారు రైలు అంటున్నది రైలు మీద ప్రేమతోనే కాదని నాకనిపిస్తోంది. గార్డుగా చేసిన మనిషి, ప్రమాదాలు కళ్ళారా చూసి ఉంటారు. మనవల గురించి భయం ఉంది. భయమని చెప్పుకోవడం ఆయన తరం మగవాళ్ళకి రాదు, అందుకే "ప్రయోగాలు చేస్తావా" అని కోపంగా వచ్చింది. మీవారికేమో తల్లిదండ్రుల్ని తన చేతుల మీదుగా తిప్పుకురావాలని ఉంది. సగం డబ్బు నాన్నదైపోయాక తనకంటూ మిగిలింది ఆ స్టీరింగు ఒక్కటే. అది కూడా వద్దంటే ఆయనకి గుచ్చుకుంది. నా ఊహ తప్పయితే మీరు దిద్దుకోండి. మీరు ఉత్తరంలో రాసిన మాటల్లోంచే ఇది తీసుకున్నాను.

మీరు ఎవరి పక్షానా మాట్లాడకండి. "నువ్వే చెప్పు" అని ఇద్దరూ అన్నప్పుడు అది గౌరవంలా కనబడుతుంది కానీ, రేపు ఏ చిన్న ఇబ్బంది వచ్చినా "నువ్వు చెప్పబట్టే" అన్న మాట మీ మీదే పడుతుంది. కబుర్లు అటూ ఇటూ మోయడం కూడా ఆపేయండి. "మీ నాన్నగారినే అడగండి" అని ఒక్కసారి అని చూడండి. రెండు రోజులు ఇల్లు బిగుసుకుపోతుంది, పర్వాలేదు. దానికి బదులు ఇద్దరికీ చెరో బాధ్యత ఉండేలా మాట కదపండి. టైం టేబులు, రైలు మారే చోట్లు, ప్లాట్‌ఫారాలు మావయ్యగారివి. మిలాన్, రోమ్ స్టేషన్లలో మన విశాఖలోలాగే రైలు వచ్చిన వైపుకే తిరిగి వెళుతుంది, ఆ సంగతి చెప్పండి, ఆయన కళ్ళు ఎలా వెలుగుతాయో చూడండి. టస్కనీ రోడ్లు, అక్కడి ఊళ్ళు, ఎక్కడ ఆగాలి అన్నది పూర్తిగా మీవారిది. ఎవరి రోజుల్లో వాళ్ళ మాట చెల్లాలి.

ఇంకొకటి, ఇది చెప్పడానికే రెండోసారి చదివానేమో. ఉత్తరంలో అత్తయ్యగారి మోకాళ్ళు ఐదుసార్లు వచ్చాయి. ఆవిడకి ఏం చూడాలనుందో ఒక్కసారీ రాలేదు. ఎవరూ అడగలేదని అర్థమైంది. ఆవిడకి రోజుకో ఊరు అక్కర్లేదేమో, ఏదో సరస్సు ఒడ్డున ఒక పూట కూర్చుంటే చాలేమో. అడగండి. మీ గురించి కూడా ఒకే ఒక్క వాక్యం ఉంది, చివరి పేజీలో: "నాకైతే ఒక్క రోజైనా వంట, సామాను, ఎవరి కోపం లేకుండా గడిస్తే చాలు" అని. ఆ రోజు ఏ తేదీనో ప్లానులో రాసి పెట్టండి. ఇంటర్లాకెన్‌లో ఐదు రాత్రులున్నాయి, అందులో ఒకటి తీసుకోండి.

టికెట్లు కొనేముందు ఒక పని చెయ్యమంటాను. ఒక శనివారం పొద్దున్న ఆరుగురి సూట్‌కేసులూ నిజంగా సర్దండి, ఖాళీ పెట్టెలు కాదు. వాటితోనే విశాఖ స్టేషనుకి వెళ్ళి, కూలీని పిలవకుండా, అరకు వెళ్ళే కిరండూల్ రైలు ఎక్కండి. ఆ రోజుకి మావయ్యగారే లీడరు. అరకులో రాత్రి ఉండి, ఆదివారం తిరుగు ప్రయాణానికి ఏడు సీట్ల బండి మాట్లాడుకోండి. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చేవాళ్ళు విశాఖలో ఉన్నారు, ముందు రోజు ఎవరైనా బంధువుల కుర్రాడు పైకి తెచ్చి పెడితే సరి. మూడో వరస సీటు లేపండి, సామానంతా ఎక్కించండి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో తేల్చుకోండి. మీవారు నడుపుతారు. ఈసారి వెనక వరసలో మీరు కూర్చోకండి. దిగాక అత్తయ్యగారిని అడగండి, ఏ రోజు బాగుందని. ఆవిడ ఏం చెప్పారో నాకు రాయండి.